తోడు వచ్చినవారి సంతకం

2016 చివరలో దగ్గు, సాయంత్రం పూట జ్వరం నెల దాటినా తగ్గకపోవడంతో జమ్మలమడుగులో గళ్ల పరీక్ష చేయించుకున్నాను. క్షయ అని తేలింది. క్షయ బయటపడిన ప్రతి ఒక్కరికీ హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేస్తారని నాకు అప్పుడే తెలిసింది. మూడు వేర్వేరు కిట్లతో చూసిన తరువాత కౌన్సెలరమ్మ తలుపు దగ్గరగా వేసి, నాకు హెచ్‌ఐవీ ఉందని చెప్పింది. నా భార్యకు లేదని వచ్చింది. ఆ వారమంతా నేను దేవునికి చెప్పుకోగలిగిన కృతజ్ఞత అదొక్కటే.

దగ్గర్లో అయితే తెలిసినవాళ్ల కంట పడతామని మందుల కోసం కడప రిమ్స్ ఆసుపత్రిలో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రానికే వెళ్లాను. జీవితాంతం వాడవలసిన మందు కాబట్టి, మొదలుపెట్టే ముందు కౌన్సెలింగుకు ఇంకొక మనిషిని వెంటబెట్టుకుని రమ్మన్నారు. భార్య అప్పటికి ఇంకా తేరుకోలేదు, అన్న రానన్నాడు. చివరికి మా చర్చి సంఘం పాస్టరు అయ్యగారికి చెప్పుకున్నాను. ఇది నాకు ఎలా వచ్చిందని ఆయన అడగలేదు, నేటికీ అడగలేదు. మరునాడు తెల్లవారుజామున మొదటి బస్సుకు నాతో వచ్చి, నా ఫైలులో తోడు వచ్చినవారి దగ్గర సంతకం చేసి, తన ఫోను నంబరు రాశారు.

రోజుకు ఒకే మాత్ర, పడుకునే ముందు వేసుకోవాలి. అందులో ఎఫావిరెంజ్ ఉండేది. దానివల్ల మొదటి వారాల్లో తల తిరుగుతుందనీ, చిత్రమైన కలలు వస్తాయనీ ముందే చెప్పారు గానీ, చనిపోయిన మా నాయన ప్రతి రాత్రీ కలలో వచ్చి మంచం పక్కన నిలబడుతుంటే ఆ మాట నాకు గుర్తు రాలేదు. ఆ రోజుల్లోనే ఒక బంధువు నన్ను వేరే ఊళ్లో జరిగే స్వస్థత సభకు తీసుకుపోయాడు. అక్కడి బోధకుడు నా కలలు విని, అవి దురాత్మల పని అన్నాడు. మాత్ర మింగుతున్నంత కాలం విశ్వాసం లేనట్టేనని చెప్పి, నా చేత వేదిక మీద స్వస్థత పొందినట్టు సాక్ష్యం చెప్పించాడు. సాక్ష్యం చెప్పినవాడు ఇంటికి వచ్చి మాత్ర ఎలా మింగుతాడు? నేను మానేశాను. మూడు నెలలు మానేశాను.

మందులకు రాలేదని కేంద్రం నుంచి నాకు ఫోన్లు వచ్చాయి, ఎత్తలేదు. అప్పుడు వాళ్లు ఫైలులో ఉన్న రెండో నంబరుకు చేశారు. ఆ సాయంత్రమే అయ్యగారు మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, నేను చెప్పినదంతా మధ్యలో అడ్డు రాకుండా విన్నారు.

“మీ అమ్మ నిన్ను కన్నది జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రిలోనే కదా నాయనా. లండన్ మిషన్ దొరలు మనకు గుడీ కట్టినారు, ఆసుపత్రీ కట్టినారు. అందులో ఒకటి వద్దనమని నీకెవరు చెప్పినారు?” అన్నారు. తరువాత ప్రార్థన చేశారు. మరునాడు మళ్లీ మొదటి బస్సుకు కడపకు బయలుదేరాము.

జబ్బులతో పోరాడే సీడీ4 కణాలు నాకు మొదట 140 ఉండేవి, మందు మానేసరికి 88కి పడిపోయాయి. మందు మధ్యలో ఆపితే వైరస్ ఆ మందుకు లొంగకుండా తయారవుతుందనీ, అప్పుడు మందే మార్చవలసి వస్తుందనీ డాక్టరుగారు కోపం లేకుండా వివరించారు. నా అదృష్టం కొద్దీ అంతవరకు రాలేదు. ఆ బోధకుడు నాకు కీడు తలపెట్టాడని నేను అనుకోను, కానీ అతని మాట నమ్మి ఎందరు నాలాగే ఆపేశారో, వాళ్లలో ఎందరికి రెండో నంబరు లేదో తలచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

నా సంగతి ఊళ్లో బయటపడింది కూడా ప్రార్థనలోనే. 2018లో ఒక గృహకూడికలో మా వదిన నా పేరు, జబ్బు పేరు చెప్పి కన్నీళ్లతో గట్టిగా ప్రార్థించింది. ప్రేమతోనే చేసింది. రెండు వారాల్లో ఒక సంఘపెద్ద, అందరూ ఒకే పాత్రలో ద్రాక్షారసం తాగే ప్రభు భోజనంలో నాకు వేరే పాత్ర పెడితే మంచిదన్నాడు. అయ్యగారు కమిటీని కూర్చోబెట్టి, ఉమ్మి వల్లా ఒకే పాత్రలో తాగడం వల్లా ఇది సోకదని చెప్పారు. ఒకరికి హెచ్‌ఐవీ ఉందన్న సంగతి వారి రాతపూర్వక సమ్మతి లేకుండా బయటపెట్టకూడదని 2017లో చట్టం వచ్చిందనీ, అది 2018 సెప్టెంబరు 10 నుంచే అమలులో ఉందనీ కూడా చెప్పి, అప్పటినుంచి ప్రార్థన మనవుల్లో జబ్బు పేరు చదవడం మాన్పించారు. ఆ ఆదివారం నేను ఎప్పటి వరుసలోనే మోకరించాను. అయ్యగారు పాత్ర అంచును తెల్లగుడ్డతో తుడిచి, అందరికీ చేసినట్టే కొంచెం తిప్పి, పక్కనున్న ముసలామెకు అందించారు. ఆమె రెండు చేతులతో పట్టుకుని తాగింది.

కడపలో మందుల వరుసలో పరిచయమైన ఒక ముస్లిం పెద్దాయన, రంజాన్ నెలలో మాత్ర మానాలేమోనని దిగులుపడి మసీదు ఇమాం గారినే అడిగాడట. రాత్రి మాత్ర రోజాకు అడ్డు కాదనీ, మానవద్దనీ ఆయన చెప్పి పంపారట. ఆ ఒక్క మాట ఆ పెద్దాయనను ఆ నెల దాటించింది.

2021లో నాకు ఎఫావిరెంజ్ బదులు డోలుటెగ్రావిర్ ఉన్న మాత్ర ఇచ్చారు, కలలు పోయాయి. రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తగ్గిందనీ, అలా ఉన్నంత కాలం నా నుంచి నా భార్యకు సోకదనీ చెప్పారు. మొన్న పక్క ఊరి సంఘం నుంచి ఒక కుర్రవాణ్ణి అయ్యగారు నా దగ్గరికి పంపారు. అతనితో మొదటి బస్సుకు కడప వెళ్లి, అతని ఫైలులో తోడు వచ్చినవారి దగ్గర సంతకం చేసి, నా ఫోను నంబరు రాసి వచ్చాను. అప్పటినుంచి తెలియని నంబరు నుంచి ఫోను వచ్చినా ఎత్తుతున్నాను.