సూది చిల్లుల బొమ్మ

ఆదివారం. తెల్లవారకముందే మొదలైన ముసురు.

ఇంత వానలో పాత కాగితాలు కొనడానికి బయలుదేరే మనిషిని భార్య ఏమనాలో మా ఆవిడ అదే అంది. రెండు ప్లాస్టిక్ సంచులు, ఒక పాత తువ్వాలు తీసుకుని నరసాపురం మాధవాయిపాలెం రేవుకు చేరాను. గోదావరికి ఎర్రనీరు వచ్చింది కానీ ఏరు దాటించే పంటు ఇంకా ఆపలేదు. మోటారు సైకిళ్ల మధ్య ఒంటికాలిమీద నిలబడి సఖినేటిపల్లి ఒడ్డున దిగాను. అక్కడి నుంచి ఆటో, తర్వాత కాలవగట్టు వెంట నడక.

ఆ ఇంటి సంగతి చెప్పింది పాత పేపర్లు కొనే కుర్రవాడు. "అటక నిండా పుస్తకాలేనండి. కిలో లెక్కన ఇవ్వనని మామ్మగారు తరిమేశారు" అన్నాడు. కిలో లెక్కన ఇవ్వనివారంటే నాకు గౌరవం.

పెంకుటిల్లు. గోడకు నడుమెత్తున సున్నం వేసినా దాగని మరక ఉంది. 1986 వరద అంతవరకు వచ్చిందట. కింద భోషాణంలో ఉన్నవన్నీ ముద్దయిపోయాయి, అటకెక్కినవి బతికాయి. మామ్మగారికి ఎనభై దాటాయి. నన్ను ఎగాదిగా చూసి, "బొమ్మల కోసం వచ్చావా? కథల కోసం కాదూ?" అన్నారు. నేను నీళ్లు నమిలాను.

ముందు చందమామలు దిగాయి, పదకొండు. ఒక్కదానికీ అట్ట లేదు. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలను ఎవరో చించి ఫ్రేము కట్టించుకుని ఉంటారు. తిట్టుకోలేదు, చిన్నప్పుడు నేనూ ఆ పని చేసినవాణ్ణే. లోపలి బొమ్మలు మాత్రం భద్రం. భుజాన శవం, చేతిలో కత్తితో శ్మశానంలో నడిచే విక్రమార్కుడు కనబడగానే మామ్మగారు "అదిగో, వచ్చాడు" అన్నారు, చుట్టం వచ్చినట్టు. ఆ బొమ్మ వేసిన శంకర్ అసలు పేరు కె.సి. శివశంకరన్. తమిళుడు, 2020లో తొంభై ఆరేళ్ల వయసులో పోయారు. 'చిత్రా' అని సంతకం చేసిన టి.వి. రాఘవన్‌ కూడా తమిళుడే. ఒకే బొమ్మ చుట్టూ భాష మార్చి అచ్చువేసేవారు కనుక, మన విక్రమార్కుడే ఇతర భాషల పిల్లలకూ విక్రమార్కుడు.

తర్వాత దిగినవి నేను అంతగా ఆశపడనివి: వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు కోసి కుట్టించిన బైండు పుస్తకాలు. మా జిల్లాల్లో ఒకప్పుడు ఇవి లేని ఇల్లు అరుదు. చదివేవారికి నిధి, నాలాంటివాడికి గుండెకోత. పత్రిక పేరు ఉండదు, తేదీ ఉండదు. పైగా బైండరు మూడువైపులా కత్తి వేసి అంచులు సమం చేస్తాడు. చిత్రకారుడు సంతకం పెట్టేది ఆ మూలే. రచయిత పేరు పైన పెద్ద అక్షరాల్లో క్షేమంగా ఉంటుంది, బొమ్మ వేసినవాడి పేరు కత్తిరింపుల బుట్టలోకి పోతుంది.

నా ఖాతాపుస్తకంలో నాలుగు గళ్లున్నాయి: పత్రిక, సంచిక, చిత్రకారుడు, ఆధారం. గీత చూసి పేరు రాయకూడదని నాకు నేను పెట్టుకున్న నియమం. ముఖ్యంగా బాపు విషయంలో. ఆయన 1933లో మా నరసాపురంలోనే పుట్టారు, కాబట్టి ప్రతి మంచి గీతా ఆయనదే అనుకోవాలని మా ఊరివాళ్లకు ఉబలాటం. కానీ ఆయన గీతను అనుకరించినవాళ్లు ఎంతమంది! జింకు బ్లాకు రోజుల్లో గీత తప్ప మరొకటి నిలిచేది కాదు. బొమ్మను ఫొటో తీసి జింకు రేకు మీదికి దించి, గీత కానిచోటల్లా యాసిడ్‌తో తినిపించేవారు. నునుపైన నీడలు ఆ పద్ధతికి లొంగవు, గరుకు న్యూస్‌ప్రింటు మీద సన్నగీతలు కూడా అలుక్కుపోతాయి. తక్కువ గీతలతో ఎక్కువ చెప్పగలిగినవాడే నెగ్గాడు, తక్కినవాళ్లు ఆయన దారి పట్టారు.

మూడో బైండు పుస్తకంలో ఒక పేజీ తిప్పి ఆగాను. కిటికీ దగ్గర జడ ముందుకు వేసుకుని ఉత్తరం చదువుతున్న అమ్మాయి. గీత గీతంతా సన్నని చిల్లులు. పురుగు ఇంత శ్రద్ధగా తినదు. కిటికీ వైపు ఎత్తితే చిల్లుల్లోంచి వెలుతురు వచ్చి బొమ్మ మళ్లీ గీసినట్టయింది. కింది మూలలో రెండు మూడు చిల్లులు అంచుదాకా పోయి తెగిపోయాయి.

"అది నా పనే" అన్నారు మామ్మగారు, ఏమాత్రం నొచ్చుకోకుండా. సూదితో పొడిచి, నీలిమందు కిరసనాయిలులో కలిపి గుడ్డతో అద్దితే బొమ్మ బట్టమీదికి దిగుతుందట. బైండుకు ఇవ్వకముందే ఆ పని అయిపోయిందట. లోపలికి వెళ్లి, కర్పూరం వాసన వేసే దిండు గలీబు తెచ్చి నా ఒళ్లో పరిచారు. అదే అమ్మాయి, కాడకుట్టులో. చుట్టూ ఆవిడే అల్లిన లేసు. కింది మూలలో ఎర్రదారంతో, కాస్త వంకరగా: బాపు.

"పేరు కూడా కుట్టారేమిటి మామ్మగారూ?"

"బొమ్మలో ఉందిగా. మనకు అక్కర్లేదని తీసేస్తామా?"

గలీబు ఇమ్మని అడగడానికి నోరు రాలేదు, ఫొటో తీసుకున్నాను. బైండు పుస్తకానికి డబ్బు పుచ్చుకోలేదు. ఆ సీరియల్లో చివరి భాగం వచ్చిన వారం పత్రిక వానలో తడిసిపోయిందట. "ఎక్కడైనా దొరికితే తెచ్చిపెట్టు బాబూ. ఆ పిల్ల ఏమైందో ఇన్నేళ్లయినా తెలియలేదు" అన్నారు. బొమ్మల కోసం వచ్చినవాడికి కథ అప్పగించారు.

తిరుగు పంటులో పుస్తకాన్ని తువ్వాల్లో చుట్టి, రెండు సంచుల్లో కట్టి, కడుపుకు ఆనించి పట్టుకున్నాను. నేను పూర్తిగా తడిశాను.

రాత్రి ఖాతాపుస్తకం తీశాను. పత్రిక: తెలియదు. సంచిక: తెలియదు. చిత్రకారుడు: బాపు. ఆధారం: దిండు గలీబు.