బేస్ గిటార్‌లో సగం శబ్దం తీగలదే

బేస్ కొత్తగా పట్టినవాళ్ల మొదటి ప్రశ్న చెక్క గురించో, పికప్ (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) గురించో ఉంటుంది. నన్నడిగితే డబ్బు పెట్టాల్సిన మొదటి చోటు తీగలు. ఒకే గిటార్‌కి ఒకసారి ఫ్లాట్‌వౌండ్ సెట్, ఇంకోసారి స్టీల్ రౌండ్‌వౌండ్ సెట్ వేసి వాయిస్తే, కళ్లు మూసుకుని వినేవాళ్లు రెండు గిటార్లనుకుంటారు. పికప్ మార్పించినా ఇంత తేడా రావడం అరుదు. పైగా తీగలు నచ్చకపోతే అరగంటలో విప్పేయొచ్చు. పికప్ అలా కాదు.

తీగ లోపల గట్టి ఉక్కు కోర్ ఉంటుంది. దాని చుట్టూ ఇంకో తీగ చుడతారు. ఆ పై తీగ గుండ్రంగా ఉంటే రౌండ్‌వౌండ్, పట్టీలా బల్లపరుపుగా ఉంటే ఫ్లాట్‌వౌండ్. రౌండ్‌వౌండ్‌లో పై హార్మోనిక్స్ (అసలు స్వరంతో పాటు మోగే పై స్వరాలు) చాలాసేపు నిలుస్తాయి కాబట్టి మోత తళతళలాడుతుంది, వేలు జారితే కీచుమంటుంది. ఫ్లాట్‌వౌండ్‌లో ఆ పై భాగం త్వరగా అణగిపోయి, అడుగు స్వరం, దాని మీది ఒకటి రెండు హార్మోనిక్స్ మాత్రం నిండుగా మిగులుతాయి. వేలి రాపిడి శబ్దం దాదాపు ఉండదు. మధ్యలో హాఫ్‌రౌండ్లున్నాయి. అవి గుండ్రంగా చుట్టి, పైభాగం అరగదీసినవి. నా అభిప్రాయంలో వాటికి రెండు వైపుల గుణమూ పూర్తిగా రాదు. ఫ్రెట్లు (నెక్, అంటే మెడ మీది లోహపు అడ్డగీతలు) లేని ఫ్రెట్‌లెస్ బేస్‌లో, వేళ్లతో నొక్కే పలక అయిన ఫింగర్‌బోర్డ్ అరిగిపోకుండా చూసుకోవాలనుకునేవాళ్లకు మాత్రం అవి పనికొస్తాయి.

రౌండ్‌వౌండ్ కొనేటప్పుడు లోహం చూడండి. స్టెయిన్‌లెస్ స్టీల్ అన్నిటికంటే పదును, ఫ్రెట్లను తినేదీ అదే. నికెల్ పూత వేసిన స్టీల్ అందరూ వాడేది, ఏ పాటకైనా సరిపోతుంది. ప్యూర్ నికెల్ మెత్తన, పాతకాలపు వెచ్చదనం ఉంటుంది.

గిటార్ తయారీదారు లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ అనే మోడల్ తెచ్చినప్పుడు దాని మీద వేసినవి ఫ్లాట్‌వౌండ్‌లే. 1960లో జాజ్ బేస్ వచ్చినప్పుడూ అంతే. డెట్రాయిట్‌లో మోటౌన్ రికార్డు కంపెనీ స్టూడియోలో బేసిస్ట్ జేమ్స్ జేమర్సన్ వాయించిన 1962 ప్రెసిషన్ మీద లా బెల్లా కంపెనీ ఫ్లాట్‌లు ఉండేవి. సైజు 52 నుంచి 110 (తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో), అంటే చాలా లావు. తెగితే తప్ప ఆయన మార్చేవాడు కాదు. యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు) ఎక్కువ, బ్రిడ్జ్ (ఒంటి మీద తీగలు బిగించే భాగం) మూత కింద స్పాంజి, మీటేది కుడిచేతి చూపుడువేలు ఒక్కటే. ఈ నాలుగూ కలిస్తేనే ఆ శబ్దం. మీటగానే బలంగా పుట్టి, తర్వాతి స్వరానికి చోటిచ్చి వెంటనే తప్పుకుంటుంది. అంత వేగంగా, అన్ని స్వరాలు వాయించినా పాట బరువెక్కకపోవడానికి కారణం ఇదే. అదే లైను కొత్త స్టీల్ తీగల మీద వాయిస్తే స్వరాలు ఒకదాని మీద ఒకటి పడి గందరగోళమైపోతుంది. లాస్ ఏంజెలిస్‌లో స్టూడియో బేసిస్ట్ కరోల్ కే కూడా ఫ్లాట్‌లే వాడింది, కాకపోతే వేలితో కాకుండా పిక్‌తో (మీటే చిన్న బిళ్ల) వాయించేది. బ్రిడ్జ్ దగ్గర తీగల మీద ఫెల్ట్ ముక్క ఆనించేది. అందుకే ఆమె ప్రతి మీటూ మొనదేలి ఉంటుంది, తోక ఉండదు.

రౌండ్‌వౌండ్ మలుపు 1966లో వచ్చింది. ద హూ అనే ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ బేసిస్ట్ జాన్ ఎంట్‌విసిల్‌కు పియానో అడుగు స్వరాల్లా మోగే తీగలు కావాలి. ఇంగ్లండ్‌లోని తీగల కంపెనీ రోటోసౌండ్ వాళ్లతో కలిసి అలాంటి తీగలు చేయించుకున్నాడు. ఆ సెట్ స్వింగ్ బేస్ 66 పేరులోని అంకె ఆ సంవత్సరమే. రాక్ బేస్‌లో గుర్రుమనే ఆ పదును తర్వాతి కాలమంతా అక్కడి నుంచే నడిచింది. జాజ్ బేసిస్ట్ జాకో పాస్టోరియస్ అయితే ఆ రోటోసౌండ్‌లనే ఫ్రెట్‌లెస్ జాజ్ బేస్ మీద వేశాడు. ఉక్కు చుట్లు చెక్కను కోసేస్తాయి కాబట్టి ఫింగర్‌బోర్డ్ మీద పడవలకు పూసే ఎపాక్సీ (ఆరితే గట్టిపడే పూత) పూశాడు. గొంతులా పాడే ఆ శబ్దంలో ఎపాక్సీ గట్టిదనానికీ, వెనక పికప్ దగ్గర బ్రిడ్జ్‌వైపు మీటడానికీ వాటా ఉంది.

ఇక లెక్కలు. మామూలు 34 అంగుళాల స్కేల్ (తీగ మోగే భాగం పొడవు) బేస్ మీద 45-65-85-105 సెట్ వేసి ప్రామాణిక శ్రుతిలో పెడితే ఒక్కో తీగ మీద సుమారు 18 నుంచి 23 కిలోల లాగుడు పడుతుంది. నాలుగూ కలిపి 80 కిలోల చుట్టూ. లాగుడు మూడింటి మీద ఆధారపడుతుంది: ఒక్కో అంగుళానికి తీగ బరువు, పొడవు వర్గం (స్క్వేర్), శ్రుతి వర్గం. అందుకే చిన్న మార్పు కూడా చేతికి తెలిసిపోతుంది. నాలుగు తీగలూ అర స్వరం దించితే లాగుడు 11 శాతం పడిపోతుంది. 30 అంగుళాల షార్ట్ స్కేల్ బేస్‌లో అదే సైజు తీగకు 22 శాతం తక్కువ. బీటిల్స్ బేసిస్ట్ పాల్ మెకార్ట్నీ వాయించే హాఫ్నర్ 500/1 బేస్ ఈ పొట్టి స్కేల్‌దే. దాని గుండ్రటి, ఒదిగిన శబ్దంలో వదులు తీగకూ బోలు ఒంటికీ రెంటికీ పాత్ర ఉంది. షార్ట్ స్కేల్ కొన్నవాళ్లు ఇ తీగ (లావు నుంచి సన్నానికి తీగలు ఇ, ఎ, డి, జి) జీవం లేకుండా ఉందని అంటుంటారు. చాలాసార్లు తప్పు గిటార్‌ది కాదు, తీగ బరువు చాలకపోవడం. అక్కడ 105 కంటే ఒక మెట్టు లావు వేసి చూడాలి.

ఫ్లాట్‌లన్నీ బిగువుగా ఉంటాయనుకోవడం పొరపాటు. లా బెల్లా 52-110 నిజంగానే బిగువు, ఎడమచేతికి కష్టపెడుతుంది. థొమాస్టిక్ జాజ్ ఫ్లాట్స్ 43-56-70-100 చాలా మెత్తన. అవి విశాలంగా ఊగుతాయి కాబట్టి యాక్షన్ కాస్త ఎత్తాలి, మీటు తేలిక చేసుకోవాలి. డడారియో క్రోమ్స్ 45-100 రెండింటి మధ్య. కొత్తలో ఫ్లాట్‌కు మించిన మెరుపుంటుంది, కొన్ని వారాలు వాయిస్తే తగ్గుతుంది. మొదటిసారి ఫ్లాట్ వేసేవాళ్లకు నేను చెప్పేది క్రోమ్సే.

కొనే ముందు పొడవు కూడా సరిచూసుకోవాలి. లాంగ్ స్కేల్ అని రాసి ఉన్న సెట్ 34 అంగుళాలకు. తీగ కొసన రంగు దారం చుట్టి ఉంటుంది. ఆ దారం నట్ (నెక్ పై కొసన తీగలు ఆనే గాడుల పట్టీ) దాటాక మొదలవ్వాలి, నట్ మీద కూర్చోకూడదు. తీగ రెండో కొసన చిన్న లోహపు బంతి ఉంటుంది, అటువైపు దారం శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే ముక్క) మీదికి రాకూడదు. లావు భాగమే పెగ్ (తీగ చుట్టి శ్రుతి పెట్టే మేకు) చుట్టూ తిరగాల్సి వస్తే ఫ్లాట్‌వౌండ్ పట్టీ విచ్చుకుంటుంది, లేదా తీగ పుటుక్కుమంటుంది. తీగ ఒంటి వెనక నుంచి దూర్చే రకం బ్రిడ్జ్‌లు పొడవు అదనంగా తింటాయి, పైగా అక్కడి మలుపు పదును. ఫ్లాట్‌లు ఆ దారిలో వేయొద్దని కొన్ని కంపెనీలే చెబుతాయి. బ్రిడ్జ్ వెనక నుంచి దూర్చే దారి కూడా ఉంటే అదే వాడండి.

తీగలు మార్చేటప్పుడు ఒక్కొక్కటే మార్చండి. నాలుగూ ఒకేసారి విప్పితే నెక్ మీద భారం పోయి, మళ్లీ కుదురుకోవడానికి టైం పడుతుంది. పెగ్ దాటి 10 నుంచి 12 సెంటీమీటర్లు వదిలి, ముందు అక్కడ తీగను నిలువుగా మడిచి, మడిచాకే ఆ మడత అవతల కత్తిరించాలి. మడవకుండా కోస్తే పై చుట్టు కోర్ మీద జారి వదులైపోతుంది. గుండ్రటి కోర్ ఉన్న తీగలకు ఈ జబ్బు మరీ ఎక్కువ. అలా వదులైన తీగ ఇక ఎన్నడూ సరిగ్గా మోగదు. కొసను పెగ్ నడిమి రంధ్రంలోకి దూర్చి, చుట్లు పైనుంచి కిందికి పడేలా రెండు మూడు చుట్లు తిప్పండి. తీగ మెలిపడకుండా చేతిలో స్వేచ్ఛగా తిరగనివ్వాలి. మెలిపడితే శ్రుతి ఎప్పటికీ అటూ ఇటూ ఊగుతుంది.

ఫెండర్ తరహా హెడ్‌స్టాక్‌లో (పెగ్‌లుండే తల భాగం) ఒక తిరకాసుంది. డి, జి తీగలను కిందికి నొక్కిపట్టే చిన్న గుండ్రటి రిటైనర్ ఉంటుంది. ఎ తీగకు అది లేదు, దాని పెగ్ ఇ పెగ్ కంటే దూరం. అందుకే నట్ మీద ఎ తీగ వంపు చాలక ఓపెన్‌గా (ఏ ఫ్రెట్టూ నొక్కకుండా) మీటితే జిరజిరమంటుంది. దానికి మందు ఎ తీగకు మూడు చుట్లు పూర్తిగా వేసి చివరి చుట్టును పెగ్ అడుగుదాకా దించడం. నట్ పాడైందనుకుని దాన్ని మార్పించేముందు ఇది చూసుకోండి.

శ్రుతి పెట్టాక శాడిల్‌కు కాస్త ముందు, నట్‌కు కాస్త వెనక బొటనవేలితో తీగను మెల్లగా నొక్కాలి. ఉక్కు తీగ శాడిల్ మీద చిన్న విల్లులా వంగి ఉంటుంది. ఆ వంపు సర్దుకోకపోతే ఇంటొనేషన్ (నెక్ పొడవునా స్వరాలు శ్రుతిలో ఉండేలా శాడిల్‌ను జరపడం) ఎంత తిప్పినా కుదరదు, శబ్దమూ మసకగా ఉంటుంది. ఈ పని చాలామంది వదిలేస్తారు.

సెట్ మారితే నెక్ వంపు మారుతుంది. మొదటి ఫ్రెట్ మీద కేపో (తీగలన్నీ నొక్కిపట్టే బిగింపు) పెట్టి, చివరి ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి, 7 లేదా 8వ ఫ్రెట్ మీద తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలుచని రేకులు) కొలవండి. 0.3 మి.మీ. చుట్టూ ఉండాలి. సందు ఎక్కువైతే ట్రస్ రాడ్ (నెక్ లోపలి లోహపు కడ్డీ) కుడివైపు బిగించాలి, తక్కువైతే వదలాలి. ఒకసారికి పావు తిప్పు మించకూడదు. తిప్పాక మళ్లీ శ్రుతి పెట్టి, కొన్ని గంటలు ఆగి కొలవండి. రాడ్ మొండికేస్తే బలం పెట్టొద్దు, తీగలు వదులుచేసి చూడండి. అప్పటికీ కదలకపోతే రిపేర్ తెలిసినవాళ్ల దగ్గరికే వెళ్లాలి, విరిగిన రాడ్ బాగుచేయడానికి ఫింగర్‌బోర్డ్ ఊడదీయాల్సి రావచ్చు. తర్వాత యాక్షన్: 17వ ఫ్రెట్ దగ్గర ఇ తీగ కింద 2.4 మి.మీ., జి తీగ కింద 2 మి.మీ. మంచి మొదలు. ఎడాపెడా గట్టిగా మీటేవాళ్లు ఇంకో పావు మిల్లీమీటరు ఎత్తుకోండి. ఫ్రెట్ల మీద జిరజిర నెక్ మొదట్లో వస్తే వంపు తక్కువని, పైన 12 తర్వాత వస్తే శాడిల్ కిందికి ఉందని సాధారణంగా అర్థం.

ఇంటొనేషన్ ఆఖర్న. 12వ ఫ్రెట్ దగ్గర హార్మోనిక్, అదే ఫ్రెట్ నొక్కిన స్వరం ఒకటే కావాలి. నొక్కిన స్వరం ఎక్కువగా ఉంటే శాడిల్ వెనక్కి, తక్కువగా ఉంటే ముందుకు. పాత తీగల మీద ఈ పని చేయొద్దు. అరిగి, మురికిపట్టిన తీగ బరువు పొడవునా ఒకేలా ఉండదు, ట్యూనర్ ముల్లు మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది.

రౌండ్‌వౌండ్ చచ్చిపోయేది చుట్ల మధ్య గాడుల్లో చెమట, చర్మపు పొడి చేరడం వల్ల. అది పై హార్మోనిక్స్‌ను మింగేస్తుంది. విశాఖ, చెన్నై లాంటి ఊళ్లలో ఉప్పుగాలి తుప్పును కూడా జతచేస్తుంది. వాయించాక పొడిగుడ్డతో తీగ అడుగుభాగం కూడా తుడవడం, కేసులో సిలికా జెల్ పొట్లాలు పెట్టడం ఖర్చులేని పనులు. చచ్చిన రౌండ్‌వౌండ్‌లను విప్పి, మూత బిగుతైన గొట్టంలో డీనేచర్డ్ స్పిరిట్ పోసి ఒక రోజు నానబెడితే మెరుపు చాలావరకు తిరిగొస్తుంది. మంటకు దూరంగా పెట్టాలి, ఒక్క చుక్క కూడా గిటార్ పాలిష్ మీద పడకూడదు. నీళ్లలో మరగబెట్టినా పనిచేస్తుంది, కానీ తడి చుట్ల మధ్య మిగిలితే లోపల తుప్పు పడుతుంది, కాబట్టి పూర్తిగా ఆరబెట్టాలి. ఫ్లాట్‌లకు ఇవేవీ అక్కర్లేదు, అవి వయసుతో బాగుపడతాయి.

వినడం గురించి కూడా చెప్పాలి. ఓపెన్ ఇ తీగ అడుగు స్వరం 41.2 హెర్ట్జ్, ఎ 55, డి 73.4, జి 98. ఫోన్ స్పీకర్ వీటిని పలికించలేదు. మనకు వినబడేవి పై హార్మోనిక్సే, వాటి నుంచి అడుగు స్వరాన్ని మనసు ఊహించుకుంటుంది. బేస్ లైన్లు నేర్చుకోవాలంటే హెడ్‌ఫోన్ పెట్టుకోండి. ఇళయరాజా పాటలు వినేటప్పుడు ఇది మరీ అవసరం. ఆయన బేస్ రూట్ నోట్ (కార్డ్‌కు ఆధార స్వరం) దగ్గర కాపలా కాయదు, పల్లవికి ఎదురుగా ఇంకో రాగంలా నడుస్తుంది. శశిధరన్ వాయించిన ఆ లైన్లలో ఏ స్వరం ఎక్కడ ఆపాడో గమనిస్తే, మీటడం కన్నా ఆపడమే కష్టమని తెలుస్తుంది. ఎ.ఆర్. రెహమాన్ పాటల్లో కీత్ పీటర్స్ బేస్ ఇంకో పాఠం, ఫ్రెట్‌లెస్ జారుళ్లు ముఖ్యంగా. షీక్ బ్యాండ్‌లో బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే మీద వాయించినవి లయ కోసం, జేమర్సన్ స్వరాల ఎంపిక కోసం.

జేమర్సన్ లైను నేర్చుకోవడానికి ఫ్లాట్‌లు కొనాల్సిన పని కూడా లేదు. ఉన్న తీగల కింద, బ్రిడ్జ్‌ను ఆనుకుని సుమారు ఒక సెంటీమీటరు మందం స్పాంజి ముక్క దూర్చండి. తీగలను తాకాలి, పైకి ఎత్తకూడదు. టోన్ నాబ్ సగానికి తిప్పి, నెక్ వైపు ఒక్క వేలితో మీటండి. స్వరం ఆగే చోటు బాగుందనిపిస్తే అప్పుడు ఫ్లాట్‌లు కొనండి. విప్పిన రౌండ్‌వౌండ్ సెట్‌ను పారేయకుండా వదులుగా చుట్టి కవర్లో దాచండి. కచేరీలో తీగ తెగితే, ఇప్పటికే సాగి కుదురుకున్న పాత తీగ కొత్తదానికంటే త్వరగా శ్రుతిలో నిలబడుతుంది.