నా భుజాలకు తగిన బరువులు

నాకు పోలియో కుడి కాలికి వచ్చింది. తొడ నుంచి పాదం దాకా కాలికి ఊతమిచ్చే చట్రం, అదే క్యాలిపర్, రెండు చంకకర్రలు. 1995లో పల్స్ పోలియో చుక్కలు వేయడం మొదలయ్యేనాటికి నేను హైస్కూల్లో ఉన్నాను. దేశంలో సహజ పోలియో వైరస్‌తో వచ్చిన చివరి కేసు 2011లో హౌరాలో నమోదైంది. ఆ తర్వాత ఈ జబ్బు మాట అందరూ మరిచిపోయారు, అది వచ్చినవాళ్లం మాత్రం నలభైల్లో, యాభైల్లో పడి ఇంకా నడుస్తూనే ఉన్నాం.

నలభై దాటాక నాకు మొరాయించింది కాలు కాదు, భుజాలు. పక్కకు తిరిగి పడుకుంటే నొప్పి, పై అరలో డబ్బా అందుకుంటే నొప్పి. ఫిజియోథెరపిస్ట్ నన్ను గది ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించి చూసింది. "మీ ప్రతి అడుగూ చేతులతో కిందికి నొక్కడమేనండీ. నొక్కే కండరాలకు రోజంతా చాకిరీ, వెనక లాగే కండరాలకు పనే లేదు. వీపుకి, భుజాల వెనక రెక్క ఎముకల మధ్యకి బలం రావాలి" అంది. వారానికి రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో వికలాంగులకు కూడా ప్రత్యేకంగా చెప్పిందట. సరే, మా వీధి జిమ్ రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. కాబట్టి ఏదైనా ఇంట్లోనే.

విజయవాడలో వ్యాయామ సామగ్రి అమ్మే దుకాణాలకు వెళ్తే ముందుగా చూపించేది పడుకుని బరువులెత్తే బెంచీ. "ఇది తీసుకోండి సార్, అన్నీ దీని మీదే చేయొచ్చు" అన్నాడు కుర్రాడు. నేను కూర్చుని చూశాను. నా వీపు కంటే సన్నం. రెండు పాదాలూ నేలకు గట్టిగా ఆనించి అదుముకునేవాళ్లకు ఆ వెడల్పు చాలు. నాకు ఒక పాదమే మాట వింటుంది, చేతుల్లో బరువుతో ఒక పక్కకు ఒరిగితే ఆపేది ఏదీ లేదు. వికలాంగులు పడుకుని బరువులెత్తే పారా పవర్‌లిఫ్టింగ్ పోటీల బెంచీ వేరుగా ఉంటుంది, చాలా వెడల్పు. కాళ్లు కూడా దాని మీదే చాపి, కావాలంటే పట్టీలతో కట్టుకుంటారు. పోలియో వచ్చిన రాజిందర్ సింగ్ రాహేలు 2004 ఏథెన్స్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది అలాంటి బెంచీ మీదే. అలాంటిది మా దుకాణాల్లో నాకు కనబడలేదు. కనబడినా కొనేవాణ్ణి కాదు. పడుకుని బరువు పైకి నెట్టడం మళ్లీ నొక్కే పనే కదా! అది నేను బస్టాండుకు వెళ్లి వస్తే చాలు, అయిపోతుంది.

ఆ తర్వాత కుర్రాడు సైకిల్ చూపించాడు. నా కాలి వైపు చూసి ఊరుకున్నాడు. పాపం, మంచివాడే.

ఏ వస్తువు చూసినా నేను వేసుకున్న ప్రశ్న ఒకటే. అది నా చేతిలోకి ఎలా వస్తుంది, చేతిలోంచి ఎలా దిగుతుంది? అయిదు కిలోలు ఎత్తడం నాకు కష్టం కాదు. నేల మీద ఉన్న అయిదు కిలోలు నాకు అందవు. క్యాలిపర్ మోకాలి దగ్గర తాళం వేసి ఉంటే వంగలేను. కూర్చుని, రింగులు పైకి లాగి తాళం తీస్తేనే మోకాలు ముడుచుకుంటుంది. అందుకే బరువులు భోజనాల బల్ల మీదే ఉండాలని తేల్చుకున్నాను. కింద మడిచిన పాత దుప్పటి పరిచాను.

అలా చూస్తే గుండ్రటి ప్లేట్ల డంబెల్ వెంటనే పక్కకు పోయింది. బల్ల మీంచి దొర్లితే దాని వెనక పరుగెత్తేవాడు మా ఇంట్లో నేను కాదు. రబ్బరు తొడుగున్న ఆరు పలకల డంబెల్స్ ఎక్కడ పెడితే అక్కడే కూర్చుంటాయి. వాటిని కిలోల లెక్కన అమ్ముతారు. రెండు కిలోల జత ఒకటి, అయిదు కిలోల జత ఒకటి తీసుకున్నాను. పిడి చుట్టూ వేళ్లు పూర్తిగా మూసుకుంటున్నాయో లేదో కూడా చూసుకున్నాను. రోజంతా కర్రల పిడి పట్టుకునే చేతికి లావు పిడి త్వరగా నొప్పి తెస్తుంది.

అసలు పని చేసిపెట్టింది మాత్రం సాగదీసి లాగే రబ్బరు బ్యాండ్లే. గోడకు బిగించే కప్పీ యంత్రం ఇంకా బాగుండేది, కానీ అద్దె ఇంటి గోడకు అంత లావు మేకులు కొడతానంటే ఓనరుగారు ఒప్పుకోరు. బ్యాండ్లతో పాటు ఒక పట్టీ వస్తుంది, దాని చివర గట్టి ముడిలాంటి గుండు ఉంటుంది. దాన్ని తలుపు సందులో అవతలి వైపు ఉంచి తలుపు మూసి గడియ పెట్టాలి. ఏ వైపు కూర్చుంటామన్నది ముఖ్యం. మనం లాగినప్పుడు తలుపు ఇంకా బిగుసుకోవాలి తప్ప మన వైపు తెరుచుకోకూడదు. తెరుచుకుంటే గుండు ఎగిరి ముఖానికే తగులుతుంది. మా పడకగది తలుపు లోపలికి తెరుచుకుంటుంది కాబట్టి నా కుర్చీ హాల్లో వేసుకున్నాను.

చేతులు లేని కర్ర కుర్చీ, కింద రబ్బరు పట్టా. పట్టా లేకపోతే నున్నటి టైల్స్ మీద కుర్చీ నాతో సహా తలుపు వైపు జారిపోతుంది. చక్రాల కుర్చీలో చేసేవాళ్లయితే బ్రేకులు వేసినా ఒకసారి గట్టిగా లాగి చూసుకోవాలి. తొడల మీదుగా కుర్చీకి ఒక బెల్టు కట్టుకుంటాను. తుంటి బలహీనంగా ఉన్నవాళ్లకు ఆ బెల్టు డంబెల్స్ కంటే ముఖ్యమైన సామాను అని నా అభిప్రాయం. బ్యాండును నా వైపు లాగేటప్పుడు మోచేతులు పక్కటెముకలను రాసుకుంటూ వెనక్కి వెళ్లాలి, చివర్లో రెక్క ఎముకలు రెండూ దగ్గరికి రావాలి. భుజాలు చెవుల వైపు లేస్తే బ్యాండు బిగువు ఎక్కువైనట్టే.

బలం వస్తోంది కదా అని రెచ్చిపోవడం మా వాళ్లకు పనికిరాదు. పోలియోలో చచ్చిపోయిన నరాల పని మిగిలిన నరాలు పంచుకుని చేస్తుంటాయి. ఏళ్ల తరబడి ఆ అదనపు భారం మోసి అవి అలసిపోవడం వల్లే పెద్ద వయసులో కొత్త నీరసం వస్తుందని వైద్యులు భావిస్తారు. అందుకే ఫిజియోథెరపిస్ట్ పెట్టిన హద్దు, మర్నాడు పొద్దుటికి అలసట తీరాలి. తీరకపోతే బరువు తగ్గించాలి. పోలియో కాలికి బరువులు కట్టుకోవడం ఆమె వద్దంది, నేనూ కట్టుకోలేదు.

మన ఎండలకు రబ్బరు పాడవుతుంది. కిటికీ పక్కన వేలాడదీయకుండా అల్మారాలో పెడతాను, వాడే ముందు చేత్తో నిమిరి పగుళ్లు ఉన్నాయేమో చూస్తాను. బిగువును బట్టి బ్యాండు రంగు మారుతుంది. ఇప్పుడు ఎర్ర బ్యాండు నాకు తేలికైపోయింది, ఇంకాస్త బిగువున్న తర్వాతిది కొనాలి. అదే కంపెనీది దొరకాలి. ఒకరి నీలం ఇంకొకరి ఎరుపుకు సమానం, రంగు చూసి కొంటే లాభం లేదు.