డాక్టరు భయపడితే నష్టపోయేది పేషెంటే

న్యూయార్క్ రాష్ట్రంలో మార్గరెట్ కార్పెంటర్ అని ఒక డాక్టరమ్మ ఉన్నారు. టెక్సాస్‌లో ఉండే ఒక ఇరవయ్యేళ్ల అమ్మాయికి అబార్షన్ మాత్రలు పంపారని 2024 డిసెంబరులో ఆ రాష్ట్ర అటార్నీ జనరల్ ఆమె మీద కేసు వేశారు. 2025 ఫిబ్రవరిలో అక్కడి జడ్జి లక్ష డాలర్లకు పైగా జరిమానా వేశారు. లూసియానా ఇంకో అడుగు ముందుకేసి, మా రాష్ట్రానికీ మాత్రలు పంపారని క్రిమినల్ కేసే పెట్టి, ఆమెను మాకు అప్పగించండి అని అడిగింది. న్యూయార్క్ గవర్నర్ క్యాథీ హోకుల్ ససేమిరా అన్నారు. జరిమానా వసూలు కోసం టెక్సాస్ వాళ్లు పంపిన తీర్పు కాగితాన్ని అల్‌స్టర్ కౌంటీ క్లర్కు ఫైలు చేసుకోవడానికే ఒప్పుకోలేదు.

ఆ టెక్సాస్ కేసు నడిచింది కాలిన్ కౌంటీ కోర్టులో. ఫ్రిస్కో, ప్లేనో అంటే మనవాళ్లకు చెప్పక్కర్లేదు కదా, ఆ కౌంటీయే. నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి వెళ్లిన పిల్లలు అక్కడ బోలెడుమంది కాపురాలు పెట్టుకుని ఉన్నారు, మా మేనకోడలు కూడా అక్కడే. "అత్తా, ఇక్కడ కడుపుతో ఉన్నప్పుడు ఏదైనా తేడా వస్తే డాక్టరు కూడా ముందు లాయర్నే అడుగుతారంట" అని ఫోన్లో టెన్షన్ పడుతూ చెప్పింది. అప్పట్నుంచి ఈ చట్టాల గురించి చదువుతూనే ఉన్నా.

అబార్షన్‌ను దేశమంతటా హక్కు చేసిన 1973 నాటి రో తీర్పును 2022 జూన్ 24న అమెరికా సుప్రీంకోర్టు కొట్టేశాక అబార్షన్ సంగతి ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం చూసుకోవాల్సి వచ్చింది. టెక్సాస్, లూసియానా లాంటి కొన్ని రాష్ట్రాలు నిషేధించాయి. ఇంకొన్ని మా డాక్టర్ల జోలికి బయటి రాష్ట్రం రాకూడదని రక్షణ చట్టాలు చేసుకున్నాయి. కనెక్టికట్ ఆ తీర్పు రాకముందే చేసేసింది. డాక్టరు తన సొంత రాష్ట్రంలో చట్టప్రకారం వైద్యం చేస్తే, వేరే రాష్ట్రం అడిగినా మా పోలీసులు సాయం చేయరు, మా కోర్టులు సమన్లు అందించవు, లైసెన్సు బోర్డు లైసెన్సు పీకేయదు, పేషెంటు రికార్డులు బయటికి పోవు... స్థూలంగా ఇదీ ఆ చట్టాల్లో ఉండేది. మసాచుసెట్స్ అయితే పేషెంటు ఏ రాష్ట్రంలో ఉన్నా సరే ఫోన్లో చూసి మందు రాసే డాక్టరుకు రక్షణ ఉంటుందని 2022లోనే రాసుకుంది. కార్పెంటర్ మీద కేసులొచ్చాక న్యూయార్క్ ఇంకో సవరణ చేసింది, మాత్రల సీసా మీద డాక్టరు పేరు బదులు క్లినిక్ పేరు వేసుకోవచ్చని. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. చిన్న మార్పే, కానీ భయం ఎక్కడ పుడుతుందో తెలిసినవాళ్లు రాసిన మాట అది.

ఈ చట్టాలు చాలావరకు ట్రాన్స్‌జెండర్ల వైద్యానికి కూడా వర్తిస్తాయి. అలాంటి వైద్యం పొందిన తమ రాష్ట్రపు పిల్లల రికార్డులు ఇమ్మని సియాటిల్ పిల్లల ఆసుపత్రిని టెక్సాస్ అటార్నీ జనరల్ అడిగితే, ఇవ్వం అని ఆసుపత్రే కోర్టుకెక్కింది. 2024లో రాజీ కుదిరింది, ఒక్క రికార్డూ ఇవ్వలేదు. అయితే ఈ రక్షణ రాష్ట్రం పొలిమేర వరకే. కార్పెంటర్ గారు లూసియానాలో అడుగుపెడితే అరెస్టే.

మరి మన సంగతేంది? నేను కావలి చుట్టుపక్కల నర్సింగ్ హోముల్లో ఏళ్ల తరబడి స్టాఫ్ నర్సుగా చేశాను, ఇప్పటికీ చేస్తున్నాను. మన దగ్గర అబార్షన్ మీద నిషేధం లేదు, నిజమే. కానీ శిక్షాస్మృతిలో అది ఇప్పటికీ నేరమే, పాత ఐపీసీలో 312వ సెక్షన్, ఇప్పుడు కొత్త భారతీయ న్యాయ సంహితలో 88. ఆ నేరం నుంచి డాక్టరుకు మినహాయింపు ఇచ్చేదే 1971 నాటి ఎంటీపీ చట్టం, అంటే వైద్యపరంగా గర్భం తీసే చట్టం. చట్టానికి లోబడి సదుద్దేశంతో చేసినదానికి డాక్టరు మీద దావా వేయకూడదని 8వ సెక్షన్లో ఉంది. అంటే అమెరికా రాష్ట్రాలు ఇప్పుడు కట్టుకుంటున్న గోడ మనకు యాభై ఏళ్ల నుంచీ ఉంది. ఉండి ఏం లాభం, గోడ వెనక నిలబడ్డ డాక్టరుకే నమ్మకం లేకపోతే?

ఒక సంగతి చెప్తాను, ఊరూ పేరూ చెప్పను. రొయ్యల గుంటల్లో పనికి పోయే అమ్మాయి, ఇద్దరు పిల్లలు, మళ్లీ కడుపొచ్చి రెండు నెలలు కూడా నిండలేదు, తీయించుకుందామని వచ్చింది. డాక్టరుగారు స్కానింగ్ చూశారు, అన్నీ బాగానే ఉన్నాయి, కేస్ షీట్ మీద పెన్ను పెట్టి కూడా ఆగిపోయారు. "మీ ఆయన్ని పిలుచుకొని రామ్మా, సంతకం కావాలి." ఆ పిల్ల "ఆయన మద్రాసులో ఉండాడు సార్, పండక్కి గాని రాడు" అంది. డాక్టరుగారు పెన్ను క్యాపు పెట్టేసి జేబులో పెట్టుకున్నారు. పది రోజుల తర్వాత ఆ పిల్లను ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు. ఎవరిచ్చారో ఏం మింగిందో చెప్పలేదు, చీరంతా రక్తం. బతికింది.

ఆ డాక్టరు చెడ్డమనిషి కాదు. రేపు మొగుడొచ్చి ఆసుపత్రి ముందు గొడవ చేస్తే, పోలీసులు పిలిస్తే ఎవరు దిక్కు అన్నదే ఆయన భయం. చట్టంలో మాత్రం పద్దెనిమిదేళ్లు నిండిన, మతిస్థిమితం ఉన్న ఆడమనిషికి ఆమె సమ్మతి ఒక్కటే చాలు. ఆ సమ్మతి రాయించుకునే ఫారం-సి తీసి చూడండి, ఒక్క పేజీ, భర్త సంతకానికి గడే లేదు.

పద్దెనిమిది నిండని పిల్లల విషయం ఇంకా ఘోరం. మన పల్లెల్లో చిన్న వయసులోనే పెళ్లిళ్లు చేసేస్తున్నారన్నది కొత్త సంగతేం కాదు. పిల్లల మీద లైంగిక నేరాలను అడ్డుకునే పోక్సో చట్టం ప్రకారం అలాంటి పిల్ల కడుపుతో వస్తే డాక్టరు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోతే ఆయన మీదే కేసు. ఆ భయానికి తల్లి కూతుర్ని తీసుకుని పెద్దాసుపత్రికి రాదు, ఆర్ఎంపీ దగ్గరికో మంత్రసాని దగ్గరికో పోతుంది. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు, జస్టిస్ చంద్రచూడ్ బెంచి, దీనికి దారి చూపించింది. పిల్ల, సంరక్షకులు కోరితే పోలీసులకిచ్చే సమాచారంలో ఆ పిల్ల పేరు, వివరాలు డాక్టరు చెప్పక్కర్లేదు. కొన్ని పరిస్థితుల్లో ఇరవై నాలుగు వారాల వరకూ అబార్షన్ చేయొచ్చన్న నిబంధన పెళ్లికాని ఆడవాళ్లకూ వర్తిస్తుందన్నదీ ఆ తీర్పే. కుటుంబసభ్యుల సమ్మతి తెమ్మని, లేని కాగితాలు తెమ్మని డాక్టర్లు అదనపు షరతులు పెట్టడం తప్పని, కేసుల భయమే ఆడవాళ్లకు పెద్ద అడ్డంకని కూడా కోర్టు చెప్పింది. తీర్పొచ్చి ఇన్నేళ్లయినా నాతో పనిచేసే నర్సు పిల్లల్లో ఇది విన్నవాళ్లు తక్కువ.

ట్రాన్స్‌జెండర్ల సంగతీ అంతే. 2019 చట్టం 15వ సెక్షన్లో ఆపరేషన్, హార్మోన్ వైద్యం, కౌన్సెలింగ్ ప్రభుత్వాలు ఏర్పాటు చేయాలని రాశారు. మా ఓపీకి వచ్చే వాళ్లు మాత్రం జ్వరానికి మందు అడగడానికి కూడా జంకుతారు, ఎక్కడ నలుగురూ నవ్వుతారోనని. డాక్టర్లకేమో రాస్తే ఏమవుతుందోనని భయం, అందుకే మద్రాసు పోండి అని పంపేస్తారు.

నేను ఆ తీర్పులో షరతుల గురించి ఉన్న పేరాలు ప్రింటు తీసి, ఫారం-సి కాపీ ఒకటి జతచేసి మా డాక్టరుగారి టేబుల్ మీద పెట్టాను. భర్త సంతకం ఏ రూల్లో ఉందో చూపించండి సార్ అని అడిగాను. లాయరుతో మాట్లాడి చెప్తానన్నారు. ఈలోపు మీ ఊళ్లో ఎవరైనా ఆ సంతకం అడిగితే మీరూ ఇదే మాట అడగండి, ఏ రూలో కాగితం మీద రాసిమ్మనండి.