కుంకుడు నారు ఎక్కడిదాకా వచ్చింది: ఆగస్టు నోట్స్

నాకు ఆసక్తి పుట్టించింది అమెరికా బక్‌ఐ చెట్టు. కానీ దాన్ని తిరుపతిలో పెంచలేం. ఒహాయో బక్‌ఐ గింజ మొలవాలంటే దాదాపు 4 నెలలు తడి ఇసుకలో, 5 డిగ్రీల చలిలో ఉండాలి. మధ్యలో ఆరిపోతే ఇక మొలవదు. ఫ్రిజ్‌లో పెట్టి మొలిపించినా మన మే నెల ఎండకు తట్టుకోదు. అందుకే దాని చుట్టాన్ని పట్టుకున్నాను. కుంకుడు, బక్‌ఐ రెండూ శాపిండేసి కుటుంబానివే. రెండింటి బలమూ సపోనిన్లే, అంటే నీళ్లలో నురగనిచ్చే పదార్థాలు.

చంద్రగిరి వైపు ఒక పొలం గట్టు మీద పెద్ద చెట్టు ఉంది. మార్చిలో దాని కింద రాలిన పండు కాయలు ఏరుకొచ్చాను. గుజ్జు ఒలిచి ఎండబెట్టి, నల్ల గింజలు వేరు చేశాను. పెంకు రాయిలా ఉంటుంది కాబట్టి ఒక పక్క గరుకు బండ మీద లోపలి తెలుపు కనబడేదాకా అరగదీసి, ఒక రోజంతా నీళ్లలో నానబెట్టాలి. అరగదీయని గింజలూ కొన్ని పక్కన వేశాను, అవి చాలా ఆలస్యంగా, అక్కడొకటి ఇక్కడొకటిగా లేచాయి. మట్టి రెండు పాళ్ల ఎర్రమన్ను, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు. గింజను అంగుళం లోతులో వేస్తే చాలు. తల్లివేరు వేగంగా కిందికి దిగుతుంది, అందుకే పొడవాటి కవర్లే వాడండి. ఏప్రిల్, మే నెలల్లో మొక్కల్ని గ్రీన్ నెట్ కింద ఉంచి, పొద్దున్నే నీళ్లు పోశాను. ఇప్పుడు జానెడు దాటాయి.

నాకు బాగా నచ్చిన పని నురగ పరీక్ష. కుంకుడు గుజ్జును, గింజ పప్పును వేర్వేరుగా పొడి చేసి, ఒక్కోదాంట్లో గ్రాము పొడిని 10 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి, మూత పెట్టిన సీసాలో గట్టిగా ఊపి, కదపకుండా పది నిమిషాలు వదిలేయాలి. కుంకుడు గుజ్జు నురగ అలాగే మందంగా నిలిచింది. గింజ పప్పుది కాసేపటికే చల్లారిపోయింది. పప్పులో ఉండేది ఎక్కువగా నూనె. బక్‌ఐ జాతి లెక్క దీనికి తలకిందులు, అక్కడ సపోనిన్లు దాచుకునేది గింజే. ఎసిన్ అనే మందు పదార్థం వచ్చేది ఆ జాతికే చెందిన హార్స్ చెస్ట్‌నట్ గింజ నుంచి.

కాళ్ల సిరల్లో రక్తం నిలిచిపోయి వాపు, నొప్పి వచ్చే జబ్బుకు ఈ ఎసిన్ మీద మంచి పరీక్షలే జరిగాయి. 1996లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ప్రయోగంలో 240 మంది రోగులు పాల్గొన్నారు. రోజుకు రెండుసార్లు 50 మిల్లీగ్రాముల ఎసిన్ అందేలా గింజ సారం 12 వారాలు తీసుకున్నవాళ్లకు, బిగుతు మేజోళ్లు వేసుకున్నవాళ్లకు వాపు దాదాపు సమానంగా తగ్గింది. వైద్య పరీక్షలన్నిటినీ కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2012 సమీక్ష 17 పరీక్షలు చూసి, కొద్దికాలం వాడకానికి ఇది పనిచేస్తుందనీ, ఇంకా పెద్ద ప్రయోగాలు కావాలనీ చెప్పింది. ఇవన్నీ శుద్ధి చేసి, కొలిచి ఇచ్చిన సారం మీద జరిగినవి. పచ్చి గింజ విషం. తింటే వాంతులు, నీరసం, తూలిపోవడం వస్తాయి. పైగా ఈ పరీక్షలు హార్స్ చెస్ట్‌నట్ మీదివి, ఒహాయో బక్‌ఐ మీదివి కావు. ఈ తేడా చెప్పకుండా పొడులు అమ్మేవాళ్లను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

మా మేనత్తకు కాళ్ల నరాలు ఉబ్బి ఉంటాయి. "రేయ్ నాయనా, ఆ చుట్టం చెట్టు కాయే కదా, మన కుంకుడు నూరి తాగితే తగ్గదా?" అని అడిగింది. "వద్దత్తా, ఒకే కుటుంబమైనా అందులో ఉన్న మందు ఇందులో ఉండదు. డాక్టర్ దగ్గరికి నేనే తీసుకుపోతా" అన్నాను. సపోనిన్లు ఎర్ర రక్తకణాల పొరను పగలగొడతాయి, చేపల్ని చంపుతాయి. అందుకే పరీక్ష చేసిన నీళ్లను కుంటలో, తొట్టిలో పోయకండి. కళ్లలో పడితే భయంకరంగా మండుతుంది.

మిగిలిన కుంకుడు రసం వడగట్టి, బాగా పలచన చేసి, మందారం మీద పిండినల్లికి సాయంత్రం పూట కొడుతున్నాను. ముందు ఒక కొమ్మ మీద కొట్టి, ఆకు మాడకపోతేనే మిగతా చెట్టుకు.

అక్టోబర్‌లో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలవగానే నారును గట్టు మీద నాటాలి. గుంత మోకాలి లోతు, చెట్టుకూ చెట్టుకూ కనీసం ఇరవై అడుగుల ఎడం. కాపుకు చాలా ఏళ్లు పడుతుంది కాబట్టి అంతవరకు మధ్యలో ఉలవలు వేద్దామనుకుంటున్నాను.