లిస్‌ముల్లిన్ క్యూసాక్‌లు: ఆస్తి వచ్చిందంతా ఆడవాళ్ల వైపు నుంచే

ట్యూడర్ రాజుల నాటి ఐర్లండ్ అనగానే అందరూ కిల్డేర్ ప్రభువుల దగ్గరికి వెళ్లిపోతారు. నాకు వాళ్లకి ఒక మెట్టు కింద ఉన్న ఇళ్లంటే ఆసక్తి. వీళ్లు రాజులూ కాదు, రైతులూ కాదు. నాలుగు ఊళ్ల భూమి ఉంటుంది, కొడుకుని లా చదవడానికి లండన్ పంపుతారు, డబ్లిన్ సర్కారులో కొలువు సంపాదిస్తారు. డబ్లిన్ పక్కనున్న మీత్ ప్రాంతపు క్యూసాక్‌లు సరిగ్గా అలాంటి వాళ్లు. వాళ్ల వంశవృక్షం చూస్తూ కూర్చుంటే నాకు అర్థమైంది ఒక్కటే. పైన పేరు మగవాళ్లది, కానీ భూమి చేతులు మారిన ప్రతిసారీ మధ్యలో ఒక ఆడమనిషి ఉంది.

ముందు లిస్‌ముల్లిన్ సంగతి. టారా కొండకి దగ్గర్లో ఉంటుంది. డబ్లిన్‌లో ఉండే మనవాళ్లు నవాన్ వైపు వెళ్లే ఎం3 రోడ్డు వేస్తున్నప్పుడు, 2007లో, పాతకాలపు పెద్ద వలయాకార కట్టడం బయటపడి గొడవైంది చూడండి, ఆ ఊరే. అక్కడ 1240 ప్రాంతంలో మీత్ బిషప్ తోబుట్టువు ఆలిస్ ఒక సన్యాసినుల మఠం పెట్టింది. మూడొందల ఏళ్ల తర్వాత ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ మఠాలన్నీ మూసేయమన్నాడు. అప్పుడు ఆ మఠానికి పెద్ద మేరీ క్యూసాక్. 1539లో మఠాలని స్వాధీనం చేసుకోవడానికి వేసిన కమిషన్‌లో ఒక సభ్యుడు థామస్ క్యూసాక్, ఆవిడ తోడబుట్టినవాడు. మఠం మూతపడింది, మేరీకి పెన్షన్ ఇచ్చారు, భూములు చివరికి థామస్ చేతికి వచ్చాయి. ఆ తర్వాత ఆయన్ని లిస్‌ముల్లిన్ క్యూసాక్ అనే పిలిచారు. ఇంట్లో దీని గురించి ఏం మాట్లాడుకున్నారో వినాలని నాకు మహా కోరిక.

థామస్ చిన్నవాడేం కాదు లెండి. హెన్రీని ఐర్లండ్ రాజుగా ప్రకటించిన 1541 పార్లమెంటులో స్పీకర్, తర్వాత లార్డ్ ఛాన్సలర్, అంటే అక్కడి న్యాయశాఖకి పెద్ద. హెన్రీ, ఎడ్వర్డ్, మేరీ, ఎలిజబెత్ నలుగురి కాలంలోనూ నెగ్గుకొచ్చి 1571లో పోయాడు. మతం మార్చి మార్చి రాజులు గిరగిరా తిరుగుతున్న రోజుల్లో తల నిలబెట్టుకోవడమే గొప్ప.

ఆయన మొదటి పెళ్లి, దగ్గరి రక్తసంబంధం అనే కారణంతో రద్దయింది. రెండో భార్య మాడ్ డార్సీ. ఈవిడ కథ ఒక్కటే ఒక సీరియల్‌కి సరిపోతుంది. మొదటి భర్త స్క్రీన్ అనే ఊరి బారన్ జేమ్స్ మార్వర్డ్, ఆయన హత్యకి గురయ్యాడు. చంపింది రిచర్డ్ ఫిట్జ్‌జెరాల్డ్ అనీ, చంపించింది మాడే అనీ ఆరోపణ. ఆ రిచర్డ్‌నే ఆవిడ పెళ్లి చేసుకుంది. అతను కిల్డేర్ ప్రభువు సిల్కెన్ థామస్‌కి బాబాయి. ఆ సిల్కెన్ థామస్ తిరుగుబాటు చేశాడు, 1537 ఫిబ్రవరిలో అతన్నీ, రిచర్డ్‌తో సహా అతని ఐదుగురు బాబాయిలనీ కలిపి లండన్ టైబర్న్‌లో ఉరితీశారు. మాడ్ మళ్లీ విధవ అయ్యింది, మూడో భర్త మన థామస్. ఆవిడతో పాటు స్క్రీన్ బారన్ వారసుడు, మార్వర్డ్ కొడుకు వాల్టర్, కూడా ఈ ఇంటి గొడుగు కిందకి వచ్చాడు.

ఇక్కడ ఒక చట్టం తెలియాలి. రాజు దగ్గర నేరుగా భూమి పొందిన వంశంలో తండ్రి పోయి వారసులు మైనర్లుగా మిగిలితే, వాళ్ల సంరక్షణ, భూమి ఆదాయం, వాళ్లకి పెళ్లి కుదిర్చే హక్కు రాజుకి పోతాయి. రాజు వాటిని అమ్ముకోవచ్చు కూడా. పిఠాపురం, విజయనగరం సంస్థానాలు ఒక దశలో కోర్ట్ ఆఫ్ వార్డ్స్ కిందకి వెళ్లాయని వినే ఉంటారు. ఆ పేరుతో మొదటి కోర్టు పెట్టింది ఈ హెన్రీయే, 1540లో ఇంగ్లండ్‌లో. కాకపోతే మద్రాసు సర్కారు పిల్లల పెళ్లిళ్లు వేలం వేయలేదు.

ఇప్పుడు వాల్టర్ కూతురు జానెట్. అంటే మాడ్ మనవరాలు, స్క్రీన్ భూములకి వారసురాలు. వాల్టర్ పోయాక తల్లి నికోలస్ నుజెంట్ అనే న్యాయవాదిని మళ్లీ పెళ్లి చేసుకుంది. పిల్లని ఎవరికివ్వాలన్నది పెద్ద తగువైంది. నికోలస్ అన్న కొడుకు విలియం నుజెంట్, ఐరిష్‌లో పద్యాలు రాసిన మంచి కవి, 1573 డిసెంబర్‌లో ఆయుధాలున్న మనుషులతో వచ్చి జానెట్‌ని ఎత్తుకుపోయి పెళ్లి చేసుకున్నాడు. ఇతని అన్న డెల్విన్ బారన్ క్రిస్టఫర్, ఎలిజబెత్ రాణికి ఐరిష్ నేర్చుకోవడానికి చిన్న వాచకం రాసిచ్చిన మనిషి. సాహిత్యం వీళ్లకి బాగానే వచ్చు, ఆ అమ్మాయిని అడగాలన్న ఆలోచనే రాలేదు.

తర్వాత కథ ఇంకా చిక్కుపడింది. 1580 చివర్లో క్రిస్టఫర్‌ని జైల్లో వేశారు, 1581లో విలియం తిరగబడి స్కాట్లండ్, అక్కణ్ణుంచి రోమ్ పారిపోయాడు. అతను దాక్కుని తిరుగుతున్నప్పుడు చొక్కాలు పంపిందని జానెట్‌ని జైల్లో పెట్టారు. అవును, చొక్కాలే. తనని బలవంతంగా ఎత్తుకుపోయినవాడికే పంపింది. అది ప్రేమో, అప్పటికి వేరే దారి లేకో, ఇంత దూరం నుంచి నేనైతే తేల్చను. అప్పటికి చీఫ్ జస్టిస్ స్థాయికి ఎదిగిన నికోలస్‌ని కూడా కుట్రలో ఇరికించి 1582 ఏప్రిల్‌లో మీత్‌లోనే ఉన్న ట్రిమ్ ఊళ్లో ఉరితీశారు. ముఖ్య సాక్షి ఎవరనుకున్నారు? జాన్ క్యూసాక్, అదే ఇంటిపేరు. నికోలస్ కుర్చీలో కూర్చున్నది రాబర్ట్ డిల్లన్. నుజెంట్‌లకీ డిల్లన్‌లకీ అంతకు ముందే పడదు. క్షమాభిక్ష దొరికి తిరిగొచ్చిన విలియం 1590లలో డిల్లన్ మీద ఆరోపణల మీద ఆరోపణలు పెట్టాడు గానీ ఆయన నిర్దోషిగానే బయటపడ్డాడు.

థామస్ మూడో భార్య జెనెట్ సార్స్‌ఫీల్డ్ గురించి చెప్పకుండా ముగిస్తే అన్యాయం. మొత్తం ఆరు పెళ్లిళ్లు. డబ్లిన్ వ్యాపారి షిల్లింగ్‌ఫోర్డ్, లట్రెల్, డన్సనీ ప్రభువు, తర్వాత మన థామస్, ఆ తర్వాత న్యాయమూర్తి జాన్ ప్లంకెట్, చివరగా బెల్లూ. భర్త మారినా డన్సనీ ప్రభ్వి అన్న బిరుదు మాత్రం వదల్లేదు. పైగా ఆ జాన్ ప్లంకెట్ కూతురే ఉరికంబం ఎక్కిన నికోలస్ రెండో భార్య. వంశవృక్షం గీయబోతే కాగితం చాలదు, గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటాయి. ఓపిక ఉన్నవాళ్లు ప్రయత్నించండి, మాడ్ దగ్గర మొదలుపెడితే సుళువు.