కారు సెట్‌కు విడిగా యాంప్లిఫయర్ పెట్టించుకున్న అనుభవం

ఇల్లు మహబూబ్‌నగర్‌లోనూ ఉద్యోగం వనపర్తిలోనూ కావడం వల్ల, భూత్పూర్ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి కొత్తకోట దాకా వెళ్లి అక్కడి నుంచి లోపలికి తిరగడం నాకు నిత్యకృత్యం. కారుతో పాటు కంపెనీ ఇచ్చిన స్టీరియో ఊళ్లో ఉన్నంతసేపు బాగానే వినిపించేది. హైవే ఎక్కి వేగం 80 దాటగానే మాత్రం టైర్ల రొదలో, గాలి హోరులో మృదంగం, తబలా వంటి కింది స్వరాలన్నీ మునిగిపోయి, గొంతు, తాళాలు మాత్రమే మిగిలేవి. వాల్యూమ్ 40 వరకు ఉంటుంది గానీ, 30 దాటిన తరువాత పాట పెరగడానికి బదులు గరగరలాడేది.

ముందుగా ఖర్చు లేని కారణాలను పరిశీలించాను. ఫోన్‌లోని బ్లూటూత్ వాల్యూమ్‌ను పూర్తిగా పెంచి, సెట్‌లోని బేస్, ట్రెబుల్‌లను సున్నాకు తెచ్చి, పెన్‌డ్రైవ్‌లో మంచి నాణ్యత గల పాటలు వేసుకుని విన్నాను. వీటిలో అందరూ చేయదగిన పరీక్ష ఒకటుంది. ఎడమ, కుడి స్పీకర్ల వాటాను సర్దే బ్యాలెన్స్‌ను పూర్తిగా ఒక పక్కకు జరిపి విన్నప్పుడు, రెండు పక్కలా మోగినప్పటి కంటే బేస్ ఎక్కువగా వినిపిస్తే, ఏదో ఒక స్పీకరుకు ప్లస్, మైనస్ తారుమారయ్యాయన్న మాట; అప్పుడు ఒక స్పీకరు కోన్ (ముందుకూ వెనక్కీ కదిలే గరాటు లాంటి భాగం) ముందుకు తోసే గాలిని రెండోది వెనక్కి లాగేస్తుంది. నా కారులో ఆ లోపం లేదు.

లోపం సెట్ లోపల, పాట సంకేతాన్ని స్పీకరు మోగేంత శక్తికి పెంచే చిన్న యాంప్లిఫయర్ చిప్‌లో ఉందని లెక్క వేస్తే తేలింది. సెట్ మీద ‘50 వాట్లు × 4’ అని అచ్చు వేసి ఉంటుంది. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర మల్టీమీటరు 14.1 వోల్టులు చూపింది. ఇలాంటి సెట్‌లో ఆ వోల్టేజీని పెంచే ఏర్పాటు ఉండదు కనుక, స్పీకరుకు చేరే తరంగ శిఖరం అంతకు మించదు. చిప్‌లో పోయేది పోగా 12.5 దాకా మిగులుతుంది. దాన్ని 1.414తో భాగిస్తే, శిఖరం కాక నిలకడగా పనిచేసే విలువ (ఆర్ఎంఎస్) 8.8 వోల్టులు, ఆ సంఖ్య వర్గాన్ని స్పీకరు నిరోధమైన 4 ఓంలతో భాగిస్తే 19 వాట్ల పైచిలుకు వస్తుంది. మరి 50 ఎక్కడి నుంచి వచ్చింది? 14.1ని వర్గం చేసి 4తో భాగించి చూడండి, 49.7 వస్తుంది. అంటే పాట తరంగం పైనా కిందా పూర్తిగా తెగిపోయి చదరంగా మారినప్పుడు వెలువడే శక్తి అది. ఆ స్థితిలో వినిపించేది పాట కాదు, నేను 30 దాటిన తరువాత విన్న గరగర. ఇంజిన్ ఆపితే బ్యాటరీ 12.4కు దిగుతుంది, శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి తగ్గుతుంది కాబట్టి, ఉన్న 19 వాట్లలోనూ దాదాపు నాలుగో వంతు పోతుంది.

ఊళ్లోని యాక్సెసరీస్ దుకాణంలో నాకు మొదట దొరికిన సలహా వేరు. “సార్, పెద్ద స్క్రీన్ ఆండ్రాయిడ్ సెట్ ఏపించుకోండి, సౌండ్ అదిరిపోతది” అన్నాడు అక్కడి అబ్బాయి. స్క్రీన్ పెద్దదైనంత మాత్రాన 14 వోల్టులు 20 కావు. ఆ సెట్లలో చాలావాటిలోనూ ఇదే తరహా చిప్ ఉంటుంది. స్పీకర్లు మాత్రం మార్చుకోమన్నది రెండో సలహా. అందులో ఒక చిక్కుంది. బయట దొరికే బరువైన కోన్ స్పీకర్లు కొన్ని, తేలికైన కాగితపు కోన్ గల కంపెనీ స్పీకర్ల కంటే ఎక్కువ శక్తి ఇస్తే గాని మోగవు. వాటిని పాత సెట్‌కే కలిపితే శబ్దం తగ్గే అవకాశం కూడా ఉంది. అందుకే ముందు యాంప్లిఫయర్, ఆ తరువాతే స్పీకర్లు అని నిర్ణయించుకున్నాను.

50 వాట్లు శుభ్రంగా రావాలంటే 4 ఓంల స్పీకరుకు 20 వోల్టుల శిఖరం కావాలి. విడి యాంప్లిఫయర్‌లో బ్యాటరీ వోల్టేజీని ముందుగా పెంచే భాగం ఉంటుంది, దాని ప్రయోజనమంతా అక్కడే. హైదరాబాదు వెళ్లినప్పుడు కోఠిలోని గుజరాతీ గల్లీలో నాలుగు ఛానెళ్ల (నాలుగు స్పీకర్లను విడివిడిగా నడిపే), తక్కువ వేడెక్కే క్లాస్-డి రకం యాంప్లిఫయర్ ఒకటి తీసుకున్నాను. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే ‘మ్యాక్స్’ అంకెను పట్టించుకోకుండా, అమెరికా ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ సంఘం పెట్టిన సీఈఏ-2006 ప్రమాణం ప్రకారం ఇచ్చిన ఆర్ఎంఎస్ అంకెను చూశాను. ఆ ప్రమాణంలో 14.4 వోల్టుల దగ్గర, 4 ఓంలకు, వక్రీకరణ 1 శాతం మించకుండా ఎన్ని వాట్లు వస్తాయో చెప్పాలి. నేను తీసుకున్నదాని మీద ఛానెల్‌కు 50 అని ఉంది. స్పీకరు వైర్లనే నేరుగా కలుపుకునే హై-లెవెల్ ఇన్‌పుట్ కూడా ఉన్నదే ఎంచుకున్నాను, ఎందుకంటే కంపెనీ సెట్‌కు వెనక, పాట సంకేతాన్ని యాంప్లిఫయర్‌కు ఇచ్చే ఆర్‌సీఏ సాకెట్లు లేవు.

వైరు దగ్గర మాత్రం నేను చాలాసేపు ఆగాను, అక్కడ ఆగడం అవసరం కూడా. నాలుగు ఛానెళ్లూ నిండుగా పనిచేస్తే 200 వాట్లు, యాంప్లిఫయర్ సామర్థ్యం 80 శాతం అనుకుంటే బ్యాటరీ నుంచి లాగేది 250 వాట్లు, అంటే దాదాపు 18 ఆంపియర్లు. బ్యాటరీ నుంచి సీటు కింది దాకా 5 మీటర్ల వైరు పడుతుంది. 2.5 స్క్వేర్ ఎం.ఎం. రాగి వైరు వేస్తే 20 ఆంపియర్ల దగ్గర దారిలోనే 0.7 వోల్టు పోతుంది; 10 స్క్వేర్ ఎం.ఎం. వేస్తే 0.2 కూడా పోదు. కిట్ పేరుతో అమ్మే లావు వైర్లలో చాలా వరకు రాగి పూత పూసిన అల్యూమినియమే. కొస దగ్గర ఒక పోగును బ్లేడుతో గీరితే లోపల తెల్లగా కనిపిస్తుంది, చేతిలో పట్టుకుంటే తేలికగా ఉంటుంది. నేను కిట్ మానేసి ఎలక్ట్రికల్ దుకాణంలో పోగుల రాగి వైరు మీటర్ల లెక్కన కొన్నాను. దాన్ని చూసి మా ఆటో ఎలక్ట్రీషియన్ ఒక్క మాటతో విషయం తేల్చేశాడు: “సార్, బోరు మోటరుకు సన్న కేబుల్ గుంజితే ఏమైతదో తెల్సు గద, ఇదీ గంతే.”

బిగించే పని అంతా ఆయనకే అప్పగించి నేను పక్కన నిలబడ్డాను. మొదట బ్యాటరీ నెగెటివ్ విప్పాడు. ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య రేకులో కంపెనీ వైర్లు వచ్చే రబ్బరు గ్రోమెట్ (రంధ్రపు అంచుకు తొడిగే వలయం) గుండానే కొత్త వైరు దూర్చాడు. రేకు అంచుకు ఒరుసుకుంటే ఇన్సులేషన్ తెగి బాడీకి షార్ట్ అవుతుంది కాబట్టి, దాని మీద ఇంకో ప్లాస్టిక్ గొట్టం కూడా తొడిగాడు. బ్యాటరీకి జానెడు దూరంలోనే 40 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టాడు. ఈ ఫ్యూజ్ కాపాడేది యాంప్లిఫయర్‌ను కాదు, వైరును. యాంప్లిఫయర్‌కు దాని ఫ్యూజ్ దానికుంది. ఫ్యూజ్‌ను సీటు దగ్గర పెట్టి ఊరుకుంటే, బానెట్ కింద వైరు తెగి తగిలినప్పుడు మంటను ఆపేది ఏదీ ఉండదు. సీటు కింద పసుపు రంగు తొడుగుతో ఉన్న వైర్లు, కప్లర్లు ఎయిర్‌బ్యాగ్‌వి కాబట్టి వాటి జోలికి వెళ్లలేదు.

పాటను సెట్ నుంచి యాంప్లిఫయర్‌కు తెచ్చే దగ్గర కంపెనీ వైర్లను ఎక్కడా కోయనివ్వలేదు. వైర్లు కోస్తే ఎలక్ట్రికల్ వారంటీకి పేచీ వస్తుందని సర్వీస్ సెంటర్‌లో ముందే చెప్పి ఉన్నారు. మా కారు మోడల్‌కు సరిపోయే జత కప్లర్ తెచ్చి మధ్యలో కలిపించాను; రేపు కావాలంటే విప్పేసి మళ్లీ మొదటిలాగే కలుపుకోవచ్చు. ఇక్కడ తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. ఈ సెట్లలో స్పీకరుకు వెళ్లే రెండు వైర్లలో ఏదీ ఎర్త్ కాదు, రెండింటిలోనూ బ్యాటరీ వోల్టేజీలో సుమారు సగం నిలిచి ఉంటుంది. మైనస్ వైరే కదా అని బాడీకి కలిపితే చిప్ పాడయ్యే ప్రమాదం ఉంది. ఆ నిలిచి ఉండే వోల్టేజీని గుర్తుపట్టే యాంప్లిఫయర్ సెట్‌తో పాటు తనంతట తాను వెలుగుతుంది, దాన్ని ఆన్ చేయడానికి విడిగా రిమోట్ వైరు అక్కరలేదు.

మొదటిసారి ఆన్ చేయగానే పాట వెనక సన్నని కూత వచ్చింది. యాక్సిలరేటర్ తొక్కితే కూత స్థాయి కూడా పైకెక్కింది. ఇది ఆల్టర్నేటర్ శబ్దం, ఎర్త్ సరిగా అందనప్పుడు పాటలో కలుస్తుంది. ఎర్త్ వైరును సీటు బిగించే బ్రాకెట్‌కు కలిపి ఉంది. పాట గట్టిగా మోగుతుండగా ఆ బోల్టుకూ బ్యాటరీ నెగెటివ్‌కూ మధ్య మల్టీమీటరు పెట్టి చూస్తే 0.3 వోల్టు చూపించింది. ఎలక్ట్రీషియన్ కార్పెట్ ఎత్తి, ఫ్లోరు రేకుకే వెల్డింగ్ చేసి ఉన్న ఒక స్టడ్‌ను వెతికి, దాని చుట్టూ పెయింటును ఎమరీ కాగితంతో రుద్దాడు. బూడిద రంగు ప్రైమర్ కూడా పోయి రూపాయి బిళ్ల అంత మేర ఉక్కు తళతళా మెరిసే దాకా రుద్ది, వైరు కొసకు నొక్కిన థింబుల్ (లోహపు ఉంగరం) కూర్చోబెట్టి, నక్షత్రపు వాషర్ వేసి బిగించి, పైన మళ్లీ పెయింటు పూశాడు. మీటరు 0.05కు దిగింది, కూత పోయింది.

గెయిన్ మీటను చాలామంది వాల్యూమ్ అనుకొని చివరి దాకా తిప్పేస్తారు. సెట్ ఇచ్చే సంకేతం ఎంతదో యాంప్లిఫయర్‌కు తెలియజేయడమే దాని పని. స్పీకర్లు విప్పేసి, ఫిల్టర్లు ఆపి, పెన్‌డ్రైవ్ నుంచి 200 హెర్ట్జ్ ఒంటి స్వరం మోగించాను. తక్కువ ధర మల్టీమీటర్లు 1000 హెర్ట్జ్ దగ్గర ఏసీ వోల్టేజీని సరిగా చూపకపోవచ్చు కనుకనే 200 ఎంచుకున్నాను. మొదట సెట్ అవుట్‌పుట్ చూశాను. వాల్యూమ్ ఒక్కో అంకె పెంచుతుంటే వోల్టేజీ క్రమంగా పెరుగుతూ వచ్చి, 31 దగ్గర పెరుగుదల మందగించింది. తరంగం తెగడం మొదలయ్యేది అక్కడే. అందుకని వాల్యూమ్‌ను 29 దగ్గర నిలిపి యాంప్లిఫయర్ అవుట్‌పుట్‌కు మీటరు పెట్టాను. 50 వాట్లను 4 ఓంలతో గుణిస్తే 200, దాని వర్గమూలం 14.1. గెయిన్‌ను స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ ముందు ఛానెళ్లను 14.1 దగ్గర ఆపాను. ముందు స్పీకర్లు మార్చి, వెనక కంపెనీవే ఉంచాను కనుక వాటికి 25 వాట్ల లెక్కన 10 వోల్టులు చాలనుకున్నాను. మీట అప్పటికి సగం కూడా తిరగలేదు. ఆ తరువాత ముందు జతకు 80, వెనక జతకు 100 హెర్ట్జ్ దగ్గర, కింది స్వరాలను ఆపేసే హై-పాస్ ఫిల్టర్ పెట్టాను. అంతకంటే కింది స్వరాలు ఆ పరిమాణపు స్పీకర్ల వల్ల ఎలాగూ కావు, వాటి కోన్‌లను అనవసరంగా ఊపుతాయంతే.

ముందు డోర్లలో 6.5 అంగుళాల కొత్త స్పీకర్లు వేయించే సందర్భంలో డోర్ ప్యాడ్ విప్పితే అసలు సగం రోగం అక్కడ కనిపించింది. లోపలి రేకుకు చేయి పట్టేంత కంతలు, వాటి మీద పల్చని ప్లాస్టిక్ షీటు. స్పీకరు వెనక వైపు గాలి ఆ కంతల గుండా ముందుకు వచ్చి బేస్‌ను తినేస్తోంది. కంతలను అల్యూమినియం రేకు ముక్కలతో మూసి, వాటి మీదా బయటి రేకు లోపలి వైపునా బ్యూటైల్ (జిగురు రబ్బరు) షీట్లు అంటించి రోలర్‌తో అదిమారు. వీటికి బదులు చవకైన తారు షీట్లు వేయించుకోవచ్చు గానీ, పాలమూరు ఎండలకు మూసి నిలబెట్టిన కారులో అవి మెత్తబడి జారిపోతాయి, వాసన కూడా పోదు. డోరు అడుగున నీళ్లు పోయే రంధ్రాలను మాత్రం మూయకుండా చూసుకున్నాను. స్పీకరు ధ్రువాలను 1.5 వోల్టుల సెల్‌తో తాకించి, కోన్ ముందుకు కదిలితే సెల్ ప్లస్ తగిలినదే స్పీకరు ప్లస్ అని గుర్తు పెట్టాము.

ఇంత చేస్తే శబ్దం రెట్టింపైందా అంటే, కాలేదు. 19 వాట్లు 50 అయితే పెరిగేది 4 డెసిబెల్స్ పైచిలుకు మాత్రమే; చెవికి రెట్టింపు అనిపించాలంటే శక్తి పదింతలు కావాలి. కాకపోతే వాల్యూమ్ 26 దగ్గర అడ్డాకుల దాటుతున్నప్పుడు తబలాలో డగ్గా దెబ్బ విడిగా వినిపిస్తోంది, గరగర లేదు. నా అంచనాలో ఆ తేడాలో డోర్ల పనికి సగం వాటా ఉంది. చేతిలో డబ్బు కొద్దిగానే ఉన్నవాళ్లు డోర్లతో మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం.

చివరిగా, కారు లాక్ చేసి పావుగంట ఆగి, బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పి, దానికీ బ్యాటరీకీ మధ్య మీటరు పెట్టి కరెంటు చూశాను. బిగించక ముందు 20 మిల్లీ ఆంపియర్లు ఉండగా, తరువాత కూడా అంతే ఉంది. యాంప్లిఫయర్ సెట్‌తో పాటే ఆరిపోతోందన్న మాట. వానాకాలం తరువాత బానెట్ ఎత్తి చూస్తే ఫ్యూజ్ హోల్డర్ కొసన కాస్త పచ్చగా చిలుము పట్టి ఉంది. దాన్ని తుడిచి, నట్టు బిగించి, వ్యాజిలిన్ రాసి మూత పెట్టాను.